మామకు అచ్చు దొరకలేదు

ఎల్లారెడ్డిలో నేను డ్రాయింగ్ మాస్టర్ని. ఉండేది కామారెడ్డిలో. పొద్దున దొరికిన బస్సులో పోతాను, సాయంత్రం దొరకని బస్సు కోసం నిలబడతాను. ఈ రెండు ఊళ్ల మధ్య డ్రాయింగ్ మాస్టర్ అంటే జనానికి ఒక్కటే అర్థం: బండి నంబరు ప్లేటు మీద అంకెలు వంకర పోకుండా రాసేవాడు. బడికి పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే గేటు ముందు 'స్వాగతం' రాసేవాడు. ఒకసారి మా హెడ్మాస్టరు మరుగుదొడ్ల తలుపుల మీద ఆడ బొమ్మ, మగ బొమ్మ గీయమన్నారు. గీశాను. మగ బొమ్మకు మీసం పల్చనైందని, దాంతో పిల్లలు తికమకపడుతున్నారని మళ్లీ గీయించారు.

ఇంత జరుగుతున్నా నేను కళ గురించి మాట్లాడటం మానలేదు. నాకు డిప్లొమా ఉంది. ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతికి మొదటి పీరియడ్‌లోనే కళ అంటే ఏమిటో నోట్సు చెప్తాను. అచ్చు పోసింది వస్తువు, చేత్తో చేసింది కళ. ఉన్నది ఉన్నట్టు పట్టుకోవడం కళకు మొదటి మెట్టు. బొమ్మను చూడాలంటే పది అడుగులు వెనక్కి జరగాలి, ఒక కన్ను సగం మూయాలి, నోరు పూర్తిగా మూయాలి. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. పరీక్షలో రాదు కాబట్టి మర్నాటికి మరిచిపోతారు. నాకు కోపం ఎక్కువని బడిలో పేరు. కళ గురించి చెప్తున్నప్పుడు ఎవడైనా ఆవలిస్తే చాక్‌పీసు విసురుతాను. నా గురి ఎప్పుడూ తప్పలేదు.

మా మేనత్తది, అంటే మా నాన్న చెల్లెలిది, నాగిరెడ్డిపేట దగ్గర ఒక ఊరు. పోచారం చెరువు కింద పొలాలు. ఆమె భర్త, మా మామ, ఆ ఊరి నీరడి. చెరువు నీళ్లు కాలువలోకి వచ్చాక ఏ మడికి ఎప్పుడు, ఎంతసేపు వదలాలో చూసే మనిషిని మా వైపు నీరడి అంటారు. ఎవరి వంతు ముందు, ఎవరిది వెనక అన్నది ఏ కాగితంలోనూ ఉండేది కాదు, ఆయన తలలోనే ఉండేది. పంట రోజుల్లో ఊళ్లో సగం మంది ఆయనకు దండం పెట్టేవాళ్లు, మిగతా సగం తిట్టేవాళ్లు. మర్నాడు తిట్టినవాళ్లు దండం పెట్టేవాళ్లు, దండం పెట్టినవాళ్లు తిట్టేవాళ్లు. ఆయన ఎవరికైనా ఒకటే మాట చెప్పేవాడు, "వస్తయి తియ్యి" అని. నలభై ఏళ్లు ఆ ఒక్క మాటతో నెట్టుకొచ్చిన మనిషి, పోయిన యాసంగి పంటప్పుడు ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్లీ లేవలేదు.

ఆయన కొడుకు, నా బామ్మర్ది, వరి కోత మిషన్ నడుపుతాడు. నాకంటే పదేళ్లు చిన్న. మామ ఏడాది మాసికానికి రెండు నెలల ముందు కామారెడ్డిలో మా ఇంటికి వచ్చాడు.

"బావా, బాపుకు బొమ్మ పెడ్త," అన్నాడు. "పొలం కాడ గద్దె గూడ కట్టిచ్చిన."

మా వైపు ఈమధ్య ఇదొక ఆచారమైంది. ఇదివరకు పొలంలో ఒక మూల సమాధి కట్టి ఊరుకునేవాళ్లు. ఇప్పుడు బస్సులో పోతూ కిటికీలోంచి చూస్తే వరి మళ్ల మధ్య నిలువెత్తు సిమెంటు మనుషులు కనబడతారు. తెల్ల చొక్కా, తెల్ల ధోతి, నల్లటి మీసం. కొందరికి మీద రేకుల గొడుగు కూడా ఉంటుంది. కొత్తవాళ్లు చూసి ఈ ప్రాంతంలో ఇంతమంది నాయకులు పుట్టారా అనుకుంటారు. నాయకులు కాదు, అందరూ ఎవరో ఒకరి నాన్నలు.

"ఇంట్ల ఆర్టిస్టువు అంటే నువ్వొక్కనివే. అంత నువ్వే చూస్కోవాలె," అన్నాడు బామ్మర్ది.

మా బంధువుల్లో ఎవరూ అంతకు ముందు నన్ను ఆ మాట అనలేదు. ఆ ఒక్క మాటకు పడిపోయాను. లోపల కుట్టు మిషన్ మీద రైక కుడుతున్న మా ఆవిడ మాత్రం కాలు ఆపి, "నంబరు ప్లేటు గాదు. జర సోచాయించి ఒప్పుకో," అంది. కళాకారులకు ఇంట్లో విలువ ఉండదని నేను ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాను.

బొమ్మలు చేసే షెడ్డు కామారెడ్డి దాటాక పెద్ద రోడ్డు పక్కన ఉంది. మేము పోయేసరికి షెడ్డు ముందు తల లేని మనుషులు వరుసగా ఎండకు ఆరుతున్నారు. చొక్కా గుండీలున్నాయి, జేబులో పెన్ను ఉంది, చేతికి గడియారం ఉంది, కాళ్లకు బూట్లున్నాయి, తల ఒక్కటే లేదు. బామ్మర్ది వాళ్లను చూసి చెప్పులు విడిచాడు. మేస్త్రి లుంగీ కట్టుకుని, బీడీ నోట్లో పెట్టుకుని, కింద కూర్చుని ఒక మెడలోకి ఇనుప చువ్వ దిగగొడుతున్నాడు. నాకంటే పెద్దవాడు. చేతులకు సిమెంటు ఎండి తెల్లగా ఉంది.

"పెయి రడీగ ఉంటది సార్," అన్నాడు ఒళ్లు అనే అర్థంలో, పక్కనున్న మొండెం వీపు చరుస్తూ. "తలకాయ ఒక్కటే మనం చేసేది. ఫోటో ఇచ్చి పోండ్రి. చెయ్యి లేపిన పెయి కావాల్నా, దండం పెట్టే పెయి కావాల్నా, కుర్సీల కూసున్న పెయి కావాల్నా?"

"చెయ్యి లేపి వేలు చూపెట్టేది," అన్నాడు బామ్మర్ది వెంటనే.

"మీ బాపు జన్మల ఎవలికన్న వేలు చూపెట్టిండా?" అన్నాను.

"బతికినప్పుడు చూపెట్టలే. ఇప్పుడన్న చూపెట్టనియ్యి బావా."

దానికి జవాబు మేస్త్రి ఇచ్చాడు. "వేలు ఏ దిక్కు పోతదో చూస్కొని గద్దె కట్టిండ్రా?" అని అడిగాడు. "మొన్న గాంధారి దిక్కు ఒక బొమ్మ పెట్టినం. వేలు పోయి వేరేటోళ్ల చెల్క మీద పడ్డది. ఆ చెల్క గూడ మాదే అని చూపెడుతుండని పంచాతి అయ్యింది. మల్ల పోయి చెయ్యి కిందికి దించి వచ్చిన."

బామ్మర్ది కాసేపు ఆకాశం వైపు చూశాడు. మనసులో గద్దె చుట్టూ తిరుగుతున్నాడని తెలుస్తూనే ఉంది. నాలుగు దిక్కులా ఎవరిదో ఒకరి పొలమే ఉంది. "దండం పెట్టేదే ఇయ్యిండ్రి," అన్నాడు నీరసంగా.

అప్పుడు నాకు మండింది. "పార పట్టుకున్నది లేదా?" అని అడిగాను.

"పారకు అచ్చు లేదు సార్. ఎవలడుగుతరు? బతికినన్నాళ్లు పార పట్టినోని కొడుకు గూడ జేబుల పెన్ను పెట్టుమంటడు."

ఇక నేను ఆగలేదు. తొమ్మిదో తరగతి నోట్సు మొత్తం ఆ షెడ్డులో నిలబడి చెప్పేశాను. అచ్చు పోసింది వస్తువు అన్నాను. ఒక మనిషిని ఇంకో మనిషి ఒంటి మీద పెట్టడం కళకు ద్రోహం అన్నాను. బామ్మర్ది భక్తిగా విన్నాడు. మేస్త్రి బీడీ అయిపోయేదాకా విని, "మరి ఎట్ల చేద్దాం సార్?" అన్నాడు.

"పెయి సంగతి తర్వాత చూద్దాం. తలకాయ నేను చేస్త."

"చెయ్యిండ్రి. నాకో పని తగ్గుతది," అన్నాడు. ఆ మాటలో నాకు ఏ గౌరవమూ వినబడలేదు.

వరుసగా నాలుగు ఆదివారాలు షెడ్డులో మట్టి పిసుకుతూ కూర్చున్నాను. మామవి మొత్తం రెండు ఫోటోలు దొరికాయి. ఒకటి ఆధార్ కార్డుది. ఆ కార్డులో ఎవరూ తమలాగా ఉండకూడదని ఏదో నియమం ఉన్నట్టుంది. మామ అందులో అప్పుడే దొంగతనం ఒప్పుకున్నవాడిలా ఉన్నాడు. రెండోది ఒక పెళ్లి ఫోటో. దానిలో ఒక చెవీ, సగం భుజమూ కనబడతాయి. మిగతా మామను పెళ్లికొడుకు పెద్దనాన్న కప్పేశాడు. ఆ ఒకటిన్నర ఫోటోను పెద్దది చేయించి ముందు పెట్టుకున్నాను. కంటికీ కంటికీ మధ్య దూరం కంపాసుతో కొలిచాను. కింది పెదవి మీద చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలిన గాటు కూడా వేశాను. మేస్త్రి పక్కన పని చేసుకుంటూ అప్పుడప్పుడు తొంగి చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు.

పక్కనున్న చాయ్ హోటల్‌కు వచ్చేవాళ్లు మాత్రం బాగా అన్నారు. మామను ఎన్నడూ చూడనివాళ్లు కూడా అచ్చం మామే అన్నారు. బామ్మర్ది చూసి, "బాపు లేచి వచ్చినట్టున్నది బావా," అని ఫోన్‌లో ఫోటో తీసుకుని ఊరంతా పంపాడు. ఆ వారం బస్సులో నాకు సీటు దొరక్కపోయినా బాధ అనిపించలేదు.

ఏడాది మాసికానికి ఇంకా పధ్నాలుగు రోజులుంది. బామ్మర్ది అప్పటికే ఫ్లెక్సీ కొట్టించాడు, ముఖ్య అతిథిని పిలిచాడు, వంటవాళ్లకు చెప్పాడు. ఆ ఆదివారం అత్తమ్మను షెడ్డుకు తీసుకొచ్చాడు. నేను తలను ఎత్తుగా ఒక డ్రమ్ము మీద పెట్టి, తడి గుడ్డ కప్పి ఉంచాను. అత్తమ్మను పది అడుగుల దూరంలో నిలబెట్టి, ఒక కన్ను సగం మూసుకోమన్నాను.

"కన్నెందుకు మూసుకోవాలె?"

"అట్ల చూస్తే బొమ్మ మంచిగ కనబడ్తది అత్తమ్మా."

"మంచిగున్న బొమ్మ రెండు కండ్లకు కనబడదా?" అంది ఆమె.

గుడ్డ తీశాను. అత్తమ్మ పది అడుగులూ నడుచుకుంటూ వచ్చేసింది. దగ్గర నిలబడి చూసింది. డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగింది. మట్టి చెవిని వేలితో తాకింది. తర్వాత నా వైపు తిరిగి, "గీయన ఎవలు అల్లుడా?" అని అడిగింది.

ముందు వేళాకోళం అనుకున్నాను. "మామనే గద," అన్నాను.

"ముక్కు మీ మామదే. పెదిమె మీద గాటు గూడ ఉన్నది. ఆయన లెక్కనే ఉన్నడు. గాని ఆయన గాదు."

"ఆయన లెక్కనే ఉంటే ఆయనే అయితడు గద అత్తమ్మా?"

"నీ లెక్కనే ఉన్నోడు ఇంకోడు వస్తే మీ ఇంటామె ఇంట్లకు రానిస్తదా?"

మేస్త్రికి బీడీ పొగ అడ్డం పడి దగ్గు వచ్చింది. కంపాసు తీసి చూపించాను. కళ్ల దూరం ఇంత, గడ్డం పొడవు ఇంత, వెంట్రుక మందం తేడా లేదని లెక్కలతో సహా వివరించాను. అత్తమ్మ ఓపిగ్గా విన్నది. విని, బామ్మర్దిని చాయ్ తెమ్మని అవతలికి పంపి, చాలా మెల్లగా చెప్పింది.

"అల్లుడా, కోపం చెయ్యకు. నీ చేతిల పని ఉన్నది. గాని నాదొక బాధ ఉన్నది, ఎవలకూ చెప్పలే. ఆయన పోయినంక ఆయన నాకు యాదికొస్తలేడు. కండ్లు మూస్తే ఆ కార్డుల ఫోటోనే వస్తది, మనిషి వస్తలేడు. బొమ్మ పెడ్తమంటే, పోనీ బొమ్మలనన్న దొరుకుతడు అనుకున్న. ఇప్పుడు దీన్ని నిలబెడితే పొద్దున లేస్తే దీన్నే చూడాలె. కొన్ని దినాలకు ఇదే ఆయన అయితది. నాకు మిగిలిన జరంత గూడ పోతది."

ఈ మాట విన్నాక ఎవరైనా ఏం చేస్తారు? ఆ ముసలామె చేయి పట్టుకుంటారు. నేను మాత్రం నాలుగు ఆదివారాలు గుర్తు తెచ్చుకున్నాను. "అయితే ఆ వేలు చూపెట్టేదే పెట్టుకోండ్రి," అని రోడ్డు మీదికొచ్చి దొరికిన ఆటో ఎక్కి వచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం కళ తెలియని లోకంలో పుట్టానని దారి పొడుగునా నా మీద నేనే జాలిపడ్డాను.

ఆ వారం బడిలో ఎవడూ ఆవలించకపోయినా చాక్‌పీసులు ఎగిరాయి. ఇంట్లో అన్నం పళ్లెం ముందు కూర్చుని మా ఆవిడకు జరిగిందంతా చెప్పాను. నా వైపు మాట్లాడుతుందని ఆశ. ఆమె ఎవరిదో రైకకు హుక్కులు కుడుతూ తల కూడా ఎత్తలేదు.

"కొలతలు మామయి తీస్కున్నవ్. రైక అత్తమ్మకు కుట్టినవ్. ఇగ పడ్తదా?" అంది.

మా ఆవిడ ఏనాడూ డ్రాయింగ్ నోట్సు రాసుకోలేదు. ఆ మాట మింగుడుపడటానికి నాకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు బడి అయిపోగానే కామారెడ్డి బస్సు వదిలేసి నాగిరెడ్డిపేట వైపు ఎక్కాను. అత్తమ్మ ఇంటి ముందు కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి కోపంగా లేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉంది.

"అత్తమ్మా," అన్నాను, "మామ నీకు ఎప్పుడన్న, ఎట్లనన్న యాదికొస్తడా? ఆ కార్డు లెక్క గాకుంట?"

ఆమె చాలాసేపు బియ్యం ఏరింది. "ముందటి నుంచి నేనెప్పుడు చూసిన ఆయన్ని?" అంది. "ఇంట్ల ఉంటే పండుకునుడే. లేస్తే కాలువకు పోవుడే. సద్ది పట్టుకొని గట్టు మీదికెళ్లి పోతుంటే దూరం నుంచి ఆయన ఈపు కనబడేది. అట్ల నిలబడేటోడు. ఇంక అట్ల ఎవలూ నిలబడరు."

"ఎట్ల?"

"ఎట్లంటే ఏం చెప్పాలె? నిలబడి చూపియ్యాలె." చాట పక్కన పెట్టింది. "ఆ బీడీ తాగెటాయన ఉంటడా? ఆయన ముంగట చూపిస్త. నీకు చూపిస్తే మల్ల కొలతలు తీస్తవ్."

మర్నాడు సెలవు పెట్టి ఆమెను షెడ్డుకు తీసుకొచ్చాను.

మేస్త్రికి సంగతి చెప్పాను. ఆయన బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. అత్తమ్మ చుట్టూ చూసి, సిమెంటు కలిపే పార తీసుకుంది. చీర కుచ్చిళ్లు పైకి దోపింది. పార అంచును నేలకు ఆనించి, కర్ర కొన మీద రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, నడుము కొంచెం వంచింది. ఎడమ కాలు ఎత్తి, పాదాన్ని కుడి పిక్కకు ఆనించింది. అరవై దాటిన మనిషి, పెద్ద రోడ్డు పక్కన, ఒంటికాలి మీద నిలబడింది. చాయ్ హోటల్ దగ్గర ఇద్దరు లారీ డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని లేచి వచ్చారు. తర్వాత ఆమె తలను ఒక పక్కకు వంచింది, కొద్దిగానే.

"నీళ్లను కండ్లతోటి చూసేటోడు గాదు ఆయన," అంది అలాగే నిలబడి. "చెవితోటి వినేటోడు. సప్పుడును బట్టి ఏ మడిల ఎంత నిండిందో చెప్పేటోడు."

చిన్నప్పుడు సెలవులకు పోయినప్పుడల్లా ఆ వంగిన నడుమునూ, ఆ ఒంటికాలినీ గట్టు మీద ఎన్నిసార్లు చూశానో. ఆయన ముందు నుంచే పరిగెత్తాను కూడా. డిప్లొమా చేసిన నా కళ్లకు అది ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అత్తమ్మ ముఖం అత్తమ్మదే, చీర అత్తమ్మదే, కానీ ఆ షెడ్డులో మామ నిలబడి ఉన్నాడు.

మేస్త్రి చాయ్ హోటల్ పొయ్యి దగ్గర బొగ్గు ముక్క ఏరుకొని, సున్నం వేసిన గోడ మీద మెడ దగ్గర మొదలుపెట్టి మడమ దాకా చెయ్యి ఎత్తకుండా ఒకే గీత గీశాడు. అంతే, మామ గోడ మీదికి వచ్చేశాడు. నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు గీతలు నేర్పుతున్నాను. అలాంటి గీత ఒక్కటి నా చేతి నుంచి రాలేదు. ఈర్ష్య పడటానికి కూడా తీరిక లేకుండా చూస్తూ ఉండిపోయాను.

"ఇగ కాలు దించు అవ్వా, పడ్తవ్," అన్నాడు ఆయన. ఆమె దించాక నా వైపు తిరిగాడు. "అచ్చులంటే నాకు గూడ ఇష్టమా సార్? అందరు ఫోటో పట్టుకొని వస్తరు. చెయ్యి లేపుమంటరు, పెన్ను పెట్టుమంటరు. మా నాయిన గిట్ల నిలబడేటోడని ఇన్నేండ్లల్ల ఒక్కలు నిలబడి చూపియ్యలే."

"ఒంటికాలు మీద సిమెంటు నిలబడ్తదా?" అని అడిగాను.

"పార ఉన్నది గద. పారల చువ్వ పెడ్త. మీ మామ గూడ దాని మీదనే గద ఆగింది."

తర్వాత వారం రోజులూ సాయంత్రాలు నేను ఆయన దగ్గర సిమెంటు కలిపాను, ఇసుక జల్లెడ పట్టాను. నీళ్లు ఎక్కువైతే తిట్టించుకున్నాను. ఇక నా మట్టి తల సంగతి. పనికి పనే అని మేస్త్రి దాన్ని కూడా పోత పోసి బొమ్మకు అతికించాడు. కానీ మామ ఎప్పుడూ తలకు తువ్వాల చుట్టేవాడని అత్తమ్మ గుర్తుచేసింది. తువ్వాల చుట్టి, తల వంచి, పక్కకు తిప్పేసరికి నా నాలుగు ఆదివారాల పని మొత్తం నీడలోకి పోయింది. పెదవి మీది గాటు చూడాలంటే ఇప్పుడు ఎవరైనా కాలువలో వెల్లకిలా పడుకోవాలి.

రంగు దగ్గర బామ్మర్ది మళ్లీ వచ్చాడు. బంగారు రంగు వేద్దామన్నాడు. "మోకాళ్ల దాక బురద రంగు వెయ్యి," అంది అత్తమ్మ మేస్త్రితో. బామ్మర్ది నా వైపు చూశాడు, ఆర్టిస్టు ఏమైనా అడ్డుకుంటాడేమోనని. నేను బురద రంగు ఏ పాళ్లలో కలపాలో చెప్పాను.

గద్దె మీద నిలబెట్టేటప్పుడు అసలు గొడవ వచ్చింది. అత్తమ్మ బొమ్మ ముఖం కాలువ వైపు ఉండాలంది. అంటే రోడ్డుకూ, షామియానాకూ, అతిథులకూ మామ వీపు. బామ్మర్దికి ఏడుపొక్కటే తక్కువ. "అంత మంది వస్తరు అమ్మా. బాపు ఎన్క తిరిగి నిలబడ్తడా?" అన్నాడు. "మంది వచ్చిండ్రని ఆయన ఎన్నడన్న ఇటు తిరిగిండా?" అంది ఆమె. అది నిజమే కాబట్టి కాలువ వైపే నిలబెట్టారు. మాసికం రోజు ముఖ్య అతిథి దండ పట్టుకుని గద్దె చుట్టూ ఒకసారి తిరిగి, మెడ ఎటు వైపుందో తెలుసుకుని, చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి కాలువలోకి దిగాడు. ఫోటోగ్రాఫర్ ఆయన వెనక దిగి మోకాళ్ల దాకా కూరుకుపోయాడు. అంత తెల్లటి బట్టల మీద అంత బురద నేను ఎన్నడూ చూడలేదు. ప్రసంగంలో ఆయన మామను రైతు నాయకుడు అన్నాడు. ఎవరూ దిద్దలేదు, అప్పటికి భోజనాలు వడ్డిస్తున్నారు.

ఇంత జరిగినా అత్తమ్మ బొమ్మను చూసి ఒక్క మాట అనలేదు. కొబ్బరికాయ కొట్టింది, వచ్చినవాళ్లకు అన్నాలు పెట్టించింది, విస్తళ్లు ఎత్తించింది. బాగుందా, ఆయనేనా అని అడగాలని నోటి దాకా వచ్చింది, ధైర్యం చాలలేదు. ఈసారి కూడా కాదంటే చేయడానికి ఇంకేం మిగల్లేదు. ఆమెకు మిగిలిన కాస్తా మేమే పోగొట్టినవాళ్లం అవుతాం. ఆ భయంతో ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను, నిద్ర సరిగా పట్టలేదు.

పొద్దున్నే అత్తమ్మ పొలానికి పోతుంటే వెంట పోయాను. కాలువలో నీళ్లు పారుతున్నాయి. బొమ్మకు ఇరవై అడుగులు ఇవతల గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. ఆమె ముందున్న వీపునే చూస్తోంది. ఏమనుకుంటుందో నాకు అంతు పట్టలేదు.

అప్పుడు అవతలి గట్టు మీద ఒక మనిషి కనిపించాడు. కాలువ చివరి మడి ఆయనది. బిచ్కుందలో బిడ్డ ఇంటికి పోయి రెండు వారాలకు ఆ తెల్లవారే బస్సు దిగాడట, బొమ్మ నిలబెట్టిన సంగతి తెలియదు. కళ్లు కూడా అంతంతమాత్రం. దూరం నుంచే చెయ్యి ఊపుతూ మొదలుపెట్టాడు.

"ఏమయ్యా నీరడీ, నేను ఊళ్లె లేనని నా మడి ఎండబెడ్తవా? పొద్దుందాక కొంగ లెక్క గట్లనే నిలబడ్తవా? జర మా దిక్కు గూడ ఇడువరాదు?"

నలభై ఏళ్ల అలవాటు, నోరు దానంతట అదే తిట్టింది. ఇంకో నాలుగు అడుగులు వేశాక ఆగిపోయాడు. మామ పోయి ఏడాదైందని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. నేను లేచి ఏదో సర్దిచెప్పబోయాను.

నాకంటే ముందు అత్తమ్మ లేచింది. కొంగు నడుముకు దోపి, గట్టుకు ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడేలా అంది. "ఆయన్ని ఊకె తిట్టకు. నీ వంతు ఐతారం పొద్దుగాల. అప్పటిదాక ఆగు."

"మంచిది వదినె," అన్నాడతను. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

అత్తమ్మ నా పక్కన కూర్చుంది. కూర్చుని ఏడ్చింది. నిన్న మాసికంలో అందరి ముందూ రాని ఏడుపు, ఏడాది కిందట కూడా నేను చూడని ఏడుపు. మామ ఇప్పుడే పోయినట్టు, ఇప్పుడే వచ్చినట్టు ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"పా అల్లుడా, ఇంటికి పోదాం," అంది. "నీళ్లు ఆయన చూస్కుంటడు."